గోదావరి పాయల్లో, మన జలాశయాల్లో కయాకింగ్: తొలి ట్రిప్పుకు సమగ్ర మార్గదర్శి

కయాక్ నడపడానికి కండబలం పెద్దగా అక్కర్లేదు. పన్నెండేళ్ల పిల్లలూ నడపగలరు, అరవై దాటినవాళ్లూ నడపగలరు. కావాల్సింది ముందుచూపు. గాలి వీపు మీద ఉన్నప్పుడు బోటు దానంతటదే పోతున్నట్టుంటుంది, ఎంత దూరం వచ్చేశామో తెలియదు. వెనక్కి తిప్పాక అదే గాలి ముఖానికి కొడుతుంది. అప్పటికే చేతులు అలిసిపోయి ఉంటాయి, ఎండెక్కి ఉంటుంది. నిలకడ నీళ్లలో కొత్తవాళ్లు ఇబ్బంది పడేది ఎక్కువగా ఇలాంటి చోటే. అందుకే ట్రిప్పు ప్లాన్ చేసేటప్పుడు ఎక్కడికి వెళ్లాలి అన్నది తర్వాత. ఎలా తిరిగి రావాలి అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ వ్యాసమంతా ఆ ఒక్క సూత్రం చుట్టూనే రాస్తున్నాను.

ముందుగా నీళ్లను ఎంచుకోవడం

మొదటి రెండు మూడు సార్లు నదికి వెళ్లకండి. అద్దెకు బోటు, పక్కన మనిషి, అవతలి ఒడ్డు కంటికి కనిపించే నీళ్లు, ఈ మూడూ ఉన్న చోట మొదలుపెట్టండి. హైదరాబాద్ వాళ్లకు అనంతగిరి కొండల దగ్గరున్న కోట్‌పల్లి ప్రాజెక్టు కయాకింగ్‌కు బాగా పేరున్న చోటు. అయితే జలాశయాల్లో అనుమతులు మారుతూ ఉంటాయి. బయల్దేరే ముందు బోటింగ్ నడుస్తోందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

పెద్ద చెరువులో గానీ, ప్రాజెక్టులో గానీ దూరంగా ఉండాల్సినవి మూడు: తూము, అలుగు, గేట్లు. తూము దగ్గర నీరు పైకి ప్రశాంతంగానే ఉంటుంది, లోపల లాగుతుంటుంది. నదిపై బ్యారేజీ దగ్గర ప్రమాదం ఇంకా పెద్దది. 2024 సెప్టెంబరు వరదలో పెద్ద పెద్ద ఇనుప పడవలే కొట్టుకొచ్చి విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్లను ఢీకొన్నాయి. ఇరవై ఐదు కిలోల ప్లాస్టిక్ కయాక్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. భవానీ ద్వీపం వైపు బ్యారేజీకి ఎగువ నీరు నిండుకుండలా ఉన్న రోజుల్లో కూడా గేట్ల దిక్కు వెళ్లొద్దు. ధవళేశ్వరం దగ్గరైనా అంతే. డెల్టా కాలువల మీది లాకులు, రెగ్యులేటర్లు కూడా ఈ జాబితాలోవే. వాటి కింద నీరు పడేచోట అది తిరిగి వెనక్కి లాగుతుంది. అందులో చిక్కుకున్న బోటు బయటికి రాదు. లాకు కనిపించగానే బాగా ముందే ఒడ్డుకు చేరి, బోటును గట్టు మీదుగా మోసుకెళ్లండి.

కొల్లేరు, పులికాట్, కోరింగ, మంజీరా అభయారణ్యాలు. అటవీ శాఖ అనుమతి లేకుండా సొంత బోటు దించకూడదు. మంజీరాలో మొసళ్లు ఉన్నాయి, అక్కడ ఆ ఆలోచనే వద్దు. పులికాట్‌లో చలికాలం ఫ్లెమింగోలు మేత మేస్తున్నప్పుడు దగ్గరికి వెళితే మందంతా లేచిపోతుంది. మన ఫొటో కోసం వాటి తిండి చెడగొట్టడం అన్యాయం.

బోటు, ప్యాడిల్, లైఫ్ జాకెట్

కొత్తవాళ్లకు పైన కూర్చునే రకం కయాకే సరైనది. దాన్ని సిట్ ఆన్ టాప్ అంటారు. దాదాపు తొమ్మిది నుంచి పన్నెండు అడుగుల పొడవు, ఇరవై నుంచి ముప్పై కిలోల బరువు ఉంటుంది. పైన రంధ్రాలుంటాయి, అల వచ్చి పడినా నీరు వాటిలోంచి దిగిపోతుంది. బోల్తా పడ్డా లోపల ఇరుక్కుపోయే భయం లేదు. లోపల కూర్చునే రకం వేగంగా పోతుంది, కానీ నీరు నిండితే తోడుకోవాలి. గాలి నింపే కయాక్ కారు డిక్కీలో పట్టేస్తుంది. ఫ్లాట్లలో ఉండేవాళ్లకు అది సౌకర్యమే. గాలికి తేలిగ్గా పక్కకు పోతుందన్నది ఒక్కటే లోపం. పోటీల్లో కనిపించే సన్నటి కె-1 బోటు పొడవు 5.2 మీటర్లు, బరువు పన్నెండు కిలోలే. కూర్చుంటేనే ఊగిపోతుంది, ట్రిప్పులకు పనికిరాదు.

కనూ వేరు. అందులో ఒక వైపే రెక్క ఉన్న తెడ్డు పట్టుకుని, మోకాళ్ల మీద గానీ బల్ల మీద గానీ కూర్చుని నడుపుతారు. సామాను ఎక్కువ పడుతుంది. ఒకే వైపు తెడ్డు వేస్తే బోటు రెండో వైపు తిరిగిపోతుంది కాబట్టి, ప్రతి తోపు (తెడ్డుతో ఒకసారి నీటిని నెట్టడం) చివర రెక్కను కొంచెం బయటికి తిప్పి నెట్టాలి. దీన్ని జె స్ట్రోక్ అంటారు. కొల్లేరులో తాటి దోనె నడిపేవాళ్లు గడతో, తెడ్డుతో చేసే సర్దుబాటు ఇలాంటిదే. వాళ్ల దగ్గర ఒక పూట కూర్చుని చూడండి, చాలా నేర్చుకోవచ్చు. అద్దెకు మనకు ఎక్కువగా దొరికేవి కయాకులే కాబట్టి మిగతాదంతా కయాక్ గురించే చెబుతాను.

ప్యాడిల్, అంటే రెండు చివర్లా రెక్కలున్న కయాక్ తెడ్డు, పొడవు సాధారణంగా 220 నుంచి 240 సెంటీమీటర్లు. వెడల్పు బోటుకు పొడవాటిది కావాలి. పొట్టి ప్యాడిల్ పట్టుకుంటే ప్రతి తోపుకూ వేళ్లు బోటు అంచుకు తగులుతుంటాయి.

లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటం పనికిరాదు. 2017 నవంబరు 12న కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదాల్లో ఎన్ని కుటుంబాలు ఛిద్రమయ్యాయో మనందరికీ తెలుసు. ఈత వచ్చినా సరే, జాకెట్ ఒంటి మీదే ఉండాలి. బోటులో పక్కన పెట్టుకున్న జాకెట్ ఉన్నా లేనట్టే. మీ బరువుకు సరిపోతుందో లేదో లోపలి లేబుల్ మీద చూడండి. బకిల్స్ అన్నీ పెట్టి, పట్టీలు బిగించాక, పక్కవాళ్లను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టు. ఇంకా బిగించండి, లేదా సైజు మార్చండి. అద్దె జాకెట్ పాతబడి లోపలి ఫోమ్ ముక్కలైపోయి ఉంటే తీసుకోకండి. దానికి ఒక విజిల్ కట్టుకోండి, విశాలమైన నీటి మీద గొంతు వినపడదు.

ఒడ్డు దగ్గర నేర్చుకోవాల్సినవి

ప్యాడిల్ రెక్కకు ఒక పక్క లోతుగా ఉంటుంది. ఆ పక్క మీ వైపు ఉండాలి. చాలామంది తిరగేసి పట్టుకుని అరగంట తోసి, బోటు బరువుగా ఉందంటారు. రెండు చేతుల మధ్య దూరం భుజాల వెడల్పు కంటే కొంచెం ఎక్కువ ఉండాలి. ప్యాడిల్‌ను తల మీద పెట్టుకుంటే మోచేతులు దాదాపు లంబకోణంలో వంగాలి. అదే సరైన పట్టు.

వెనక్కి జారగిలబడకుండా నిటారుగా కూర్చోండి. కాళ్లు ఫుట్‌రెస్టుకు ఆని, మోకాళ్లు కొద్దిగా వంగి ఉండాలి. ఇక తోపు: కుడి వైపు తోయాలంటే కుడి భుజం ముందుకు వచ్చేలా నడుము దగ్గర్నుంచి తిరగండి. రెక్కను కాలి బొటనవేలి పక్కన, బోటుకు దగ్గరగా, మొత్తం మునిగేలా దించండి. ఇప్పుడు చేత్తో లాగకండి. తిరిగిన నడుమును మళ్లీ వెనక్కి తిప్పండి, కుడి కాలితో ఫుట్‌రెస్టును నొక్కండి. రెక్క తుంటి దగ్గరికి రాగానే పక్కకు తీసేయండి. అక్కడికంటే వెనక్కి లాగితే ముందుకు పోయేది ఏమీ ఉండదు, బోటు ముక్కు పక్కకు తిరుగుతుంది అంతే. వేళ్లు ప్యాడిల్‌ను గట్టిగా పట్టకూడదు. పై చేతి వేళ్లు తెరుచుకునేంత వదులుగా ఉండాలి. సాయంత్రానికి మణికట్టు నొప్పి పుడితే పట్టు బిగుసుకుందని, భుజాలు నొప్పి పుడితే నడుము తిప్పలేదని అర్థం.

తిరగడానికి స్వీప్ స్ట్రోక్. రెక్కను కాలి దగ్గర ముంచి, బోటుకు దూరంగా అర్ధచంద్రాకారంలో వెనక దాకా తిప్పండి. కుడి వైపు వేస్తే బోటు ఎడమకు తిరుగుతుంది. ఆగడానికి వెనక్కి తోపులు, కుడి, ఎడమ, మళ్లీ కుడి, పొట్టిగా, గట్టిగా. మూడు నాలుగు తోపుల్లో బోటు ఆగేంత వరకు సాధన చేయండి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది వదిలేసేది, బోల్తా పడి తిరిగి ఎక్కడం. ఛాతీ లోతు నీళ్లలో, ఈత వచ్చిన మనిషిని పక్కన పెట్టుకుని, కావాలనే పడిపోండి. పైకి తేలగానే ఒక చేత్తో బోటును, ఇంకో చేత్తో ప్యాడిల్‌ను పట్టుకోండి. బోటు తిరగబడి ఉంటే అడుగు మీదుగా చేయి చాపి అవతలి అంచు పట్టుకుని, మీ బరువుతో వెనక్కి వాలి తిప్పేయండి. సీటు పక్కకు రండి. ఇప్పుడు తొందరపడి పైకి ఎగబాకకండి. కాళ్లు బోటు కిందికి పోతే ఎంత బలమున్నా ఎక్కలేరు. ముందు కాళ్లు నీటి మీదికి తేలేలా ఈత కొట్టినట్టు ఆడించండి. ఒళ్లు బల్లపరుపుగా తేలాక, అవతలి అంచు పట్టుకుని పొట్ట సీటు మీద పడేలా ఒంటిని జరుపుకోండి. అక్కడ ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుని, వెల్లకిలా తిరిగి పిరుదులు సీట్లో పెట్టండి. కాళ్లు చివర్న లోపలికి. రెండు వైపుల నుంచీ చేసి చూడండి. లోతు నీళ్లలో ఎవరి సాయమూ లేకుండా ఇది చేయగలిగే దాకా ఒడ్డు వదిలి దూరం వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం.

ఎక్కలేకపోతే? బోటును వదలకండి. ఒడ్డు దగ్గరే కనిపిస్తోందని ఈదుకుంటూ బయల్దేరడం చాలా ప్రమాదం. బోటు తేలుతూనే ఉంటుంది, దూరం నుంచి కనబడుతుంది కూడా.

నీటి లెక్క, గాలి లెక్క

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. డిసెంబరులో తుపాను హెచ్చరికలు మాత్రం చూసుకోవాలి. జులై నుంచి సెప్టెంబరు వరకు గోదావరి, కృష్ణ పాయల్లోకి దిగొద్దు. అక్టోబరులో కూడా ఎగువ వానలను బట్టి ఆలోచించండి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఎగరేస్తారు. అవి ఊళ్లను కాపాడటానికి పెట్టిన లెక్కలు. మొదటి హెచ్చరిక రాలేదు కదా అని కయాక్ దించితే పొరపాటే, నీరు ఎర్రబడి చెత్త కొట్టుకొస్తోందంటే మన ట్రిప్పు రద్దు. వేసవిలో మరమ్మతులకు డెల్టా కాలువలు కట్టేస్తారు, అప్పుడు వాటిలో తేలేంత నీరు ఉండదు.

నాగార్జునసాగర్, శ్రీశైలం లాంటి చోట్ల ఎండాకాలంలో కూడా విద్యుదుత్పత్తి కోసం నీరు వదిలితే దిగువన మట్టం ఒక్కసారిగా పెరుగుతుంది. డ్యామ్ దిగువ పాయల్లో రాళ్ల మీద బోటు పెట్టి భోజనానికి కూర్చోకండి.

గాలి సంగతి ఇంకా సూక్ష్మం. కోస్తాలో చలికాలం తెల్లవారుజామున నీరు అద్దంలా ఉంటుంది. ఎండ పెరిగే కొద్దీ సముద్రపు గాలి మొదలై మధ్యాహ్నానికి ఊపందుకుంటుంది. వెడల్పాటి జలాశయంలో గాలి ఎంత దూరం నీటి మీద పరిగెడితే అల అంత పెద్దదవుతుంది. అందుకని గాలి వచ్చే వైపు ఒడ్డు వెంట వెళ్లాలి. గాలి తగిలే ఒడ్డున అలలు విరుగుతుంటాయి, బోటు దించడం కూడా కష్టం. నిలకడ నీళ్లలో ట్రిప్పయితే మొదటి సగం గాలికి ఎదురుగా వేసుకోండి. అలిసిపోయాక గాలే ఇంటికి తోస్తుంది. చేతిలో వాతావరణ సూచనతో పాటు పిడుగుల కోసం దామిని యాప్ పెట్టుకోండి. ఉరుము వినబడితే వెంటనే ఒడ్డు ఎక్కాలి, విశాలమైన నీటి మీద అందరికంటే ఎత్తుగా ఉండేది మన తలే.

ఒక ట్రిప్పు ఇలా వేయండి: కోనసీమలోని దిండి దగ్గర వశిష్ఠ

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. చలికాలం, వేసవిలో బ్యారేజీ కిందికి వచ్చే నీరు తక్కువ కాబట్టి ఈ పాయల్లో కింది భాగం సముద్రం చెప్పినట్టు వింటుంది. పోటు వచ్చినప్పుడు నీరు ఎగువకు నడుస్తుంది, ఆటు మొదలయ్యాక దిగువకు. అంటే సమయం సరిగ్గా కుదుర్చుకుంటే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నీరే సాయం చేస్తుంది. కోనసీమలో కయాకింగ్ నాకు అంత ఇష్టం కావడానికి కారణం ఇదే.

కాకినాడ పోర్టుకు ఆ రోజు పోటు ఎప్పుడో టైడ్ టేబుల్‌లో చూడండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల, గాలుల సూచనలు ఇస్తుంది, వాటినీ చూడండి. తీరంలో వచ్చిన పోటు నది లోపలికి చేరడానికి కొంత ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యమో రేవులో వల వేసేవాళ్లను అడగండి. "బాబాయ్, రేపు పోటు ఎన్నింటికి నిలుస్తుంది?" అంటే ఉన్నదున్నట్టు చెప్తారు, ఏ యాప్ అంత సరిగ్గా చెప్పలేదు. పోటు ప్రతి రోజూ ముందు రోజు కంటే సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. కాబట్టి దిండి దగ్గర పోటు ఉదయం ఎనిమిది, ఎనిమిదిన్నరకు నిలిచే రోజును ఎంచుకోండి.

ఆ రోజు ఆరున్నరకు నీటిలో ఉండాలి. పొగమంచు పట్టి ఉంటే అవతలి ఒడ్డు కనిపించే దాకా ఆగండి. ఇసుక పడవలవాళ్లకు, పంటు నడిపేవాళ్లకు నీటి మట్టంలో కూర్చున్న మీరు కనపడరు. దించే ముందు ఒక్క నిమిషం నిలబడి చూడండి. చించినాడ వంతెన స్తంభాల మీద తడి గీత నీటికి పైన ఉందా, దాదాపు నీటిలో కలిసిపోయిందా? గుర్రపుడెక్క ముక్కలు ఎటు పోతున్నాయి? పైకి పోతుంటే లెక్క సరిపోయినట్టు. దిగువకు పోతుంటే లెక్క ఎక్కడో తప్పింది, ఆ రోజు రేవు దగ్గరే తిరిగి వచ్చేయండి.

ఎగువకు, కోనసీమ వైపు ఒడ్డు పట్టుకుని వెళ్లండి. కొత్తవాళ్ల వేగం గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు, దానికి పోటు కొంచెం కలుపుతుంది. గంటన్నరలో ఐదారు కిలోమీటర్లు అవుతుంది. చాలు. దూరం బట్టి కాకుండా గడియారం బట్టి తిరగండి. ఎనిమిదింటికి ఎక్కడున్నా సరే ఒడ్డుకు చేరి, పులిహోర తిని, మజ్జిగ తాగి, నీరు నిలవడం గమనించండి. గుర్రపుడెక్క కదలక ఆగిపోతుంది. కాసేపటికి అదే దిగువకు మొదలవుతుంది. మీరూ బయల్దేరండి. సముద్రపు గాలి ఊపందుకోకముందే, పదిన్నర లోపు రేవులో ఉండాలి. ఆలస్యమైతే ఆటు ఒకవైపు, గాలి దానికి ఎదురుగా ఇంకోవైపు నీటిని కొట్టి చిన్న చిన్న నిటారు అలలు లేస్తాయి. కొత్తవాళ్లకు అవి చాలా ఇబ్బంది. పైగా నీరు బాగా తీశాక ఒడ్డున మోకాలి లోతు బురద బయటపడుతుంది.

అమావాస్య, పున్నమి దగ్గర్లో ప్రవాహం జోరు ఎక్కువ, అష్టమి చుట్టూ నెమ్మది. జోరున్న రోజు రేవు దాటిపోతే దిగువన అంతర్వేది, ఆపైన సముద్రం. అందుకే రేవుకు ఎగువనే ఒడ్డు పక్కకు వచ్చేసి, అంచు వెంట దిగిరండి.

దారిలో ఎదురయ్యేవి

వలలు. నీటి మీద వరసగా ఖాళీ సీసాలో, థర్మాకోల్ ముక్కలో కనబడితే కింద వల ఉన్నట్టు. వరస రెండు చివరలూ చూసి చుట్టూ తిరిగి వెళ్లండి. ప్యాడిల్‌కు తగులుకుంటే తోయడం ఆపి, రెక్కను నెమ్మదిగా పైకెత్తి దారం విడిపించండి. కోయకండి. అది ఒక ఇంటి రోజు కూలి.

గుర్రపుడెక్క మేటలు గాలికి కదులుతాయి. వెళ్లేటప్పుడు తెరిచి ఉన్న సన్నటి పాయ, వచ్చేటప్పటికి మూసుకుపోవచ్చు. మధ్యలోంచి చీల్చుకుపోదామనుకోకండి, పది మీటర్లకే చేతులు పడిపోతాయి. దాని మీద కాలు పెట్టొద్దు.

లంకల దగ్గర, ఇసుక తవ్విన చోట నీటి లోతు అడుగు దూరంలోనే మారిపోతుంది. దిగే ముందు ప్యాడిల్‌తో పొడిచి చూడండి. మెత్తగా లోపలికి దిగిపోతే అది ఊబి, ఇంకోచోట చూసుకోండి. వంతెన స్తంభానికి కొట్టుకుని ఆగిన చెట్టుకొమ్మల వైపు కూడా వెళ్లకండి, నీరు వాటి గుండా పోతుంది గానీ మనిషి పోలేడు.

బ్యాగులో, ఫోన్‌లో

డ్రై బ్యాగులో ఫోన్, మందులు, పొడి చొక్కా. మనిషికి మూడు లీటర్ల నీళ్లు. టోపీ, పొడుగు చేతుల చొక్కా. కాలికి పట్టీ ఉన్న చెప్పులు, ఎందుకంటే రేవుల్లో ఆల్చిప్పలూ సీసా పెంకులూ ఉంటాయి. పది మీటర్ల తాడు. ఒంటరిగా వెళ్లకండి, కనీసం రెండు బోట్లు ఉండాలి. ఎక్కడ దించుతున్నారు, ఎన్నింటికి తిరిగొస్తారు, ఆ టైముకు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టండి. రేవులో ఒకరికి నోటితో చెప్పండి. అత్యవసరానికి 112.

ఒడ్డెక్కాక

ముందు ఒడ్డుకు చేరామని ఇంటికి మెసేజ్. తర్వాత బోటు. కోనసీమ కింది పాయల్లో నీరు ఉప్పన కాబట్టి కయాక్, ప్యాడిల్ జాయింటు, జాకెట్ బకిల్స్ మంచినీళ్లతో కడగాలి, లేకపోతే జాయింటు బిగుసుకుపోతుంది. గుర్రపుడెక్క వేర్లు, నాచు బోటు రంధ్రాల్లో ఉంటే తీసి ఒడ్డు మీదే ఎండనివ్వండి. ఇంకో చెరువుకు దాన్ని మోసుకెళ్లొద్దు. జాకెట్‌ను ఎండలో కాకుండా నీడలో ఆరేయండి, ఎండకు గుడ్డ చివుకుతుంది. కయాక్‌ను అడుగు పైకి వచ్చేలా బోర్లించి పెట్టండి.